నాతో పోట్లాడకూడదా?

లోఫోటెన్ దీవులు,
29 నవంబరు 1994

ప్రియమైన ఓస్లౌగ్ అక్కకు,

నీ చెల్లెలు గుడ్వైగ్ ప్రేమతో రాస్తున్నాను. ఓస్లోలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ పడవ క్షేమం, వలలు క్షేమం, మీ మరిదీ క్షేమమే. నేనే కాదు.

యూరప్ కూటమిలో చేరాలా వద్దా అన్న గొడవ నిన్నటి ఓటుతో తీరింది. దేశం వద్దనేసింది. మీ వీధిలో అందరూ కావాలన్నవాళ్ళేనట కదా, పోనీలే, ఏడవకండి. నా గొడవ వేరు. మా ఊళ్ళో ఇడున్ అని ఒకావిడ, మొగుడు పోయాక వచ్చి సరుకుల కొట్టు పెట్టింది. ఊరంతా వద్దంటుంటే ఆవిడొక్కతే కావాలంటుంది. వేసవి నుంచీ మీ మరిది టోర్ఫిన్ రోజూ పొద్దున్నే కాఫీ పొడి వంకతో అక్కడికే. మా అలమరలో ఇక డబ్బాలు పెట్టడానికి చోటు లేదు!

ఒకరోజు వెనకే నేనూ వెళ్ళాను. కూటమిలో చేరితే స్పెయిన్ పడవలొచ్చి మన చేపలన్నీ ఊడ్చుకుపోతాయని ఈయన బల్ల గుద్దుతున్నాడు. యూరప్‌లో సుంకం పోతే నీ చేపకే మంచి ధర వస్తుందయ్యా, ఆ మాత్రం తెలీదా అని ఆవిడ నవ్వుతోంది. నీకు చెప్పేకంటే సముద్రానికి చెప్పుకోవడం మేలంటూనే ఇంకో కప్పు పోయించుకున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయక్కా! ఆ మెరుపు చూసి నాకెన్నేళ్ళయిందో. ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ చెయ్యి పట్టుకున్నా నాకింత కడుపుమంట ఉండేది కాదేమో. ఇంట్లో ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట, బల్ల దగ్గర్నుంచి లేస్తూ భోజనానికి థాంక్స్ అని. అది అనకుండా మనవాళ్ళెవరూ లేవరు. అమ్మ మీద అలిగిన రోజు కూడా నాన్న ఆ మాట అనే లేచేవాడు, గుర్తుందా? మరి అది నాకు చెప్పినట్టా, ఉడికిన బంగాళాదుంపలకు చెప్పినట్టా?

నిన్న ఇద్దరం కలిసే బడికి వెళ్ళి ఓటేసి వచ్చాం. సాయంత్రం చేప వడ్డిస్తూ, నేను యూరప్ కావాలి అనే ఓటేశానండీ అన్నాను. ఆయన చేతిలో ఫోర్కు జారిపడింది. మతిగాని పోయిందా గుడ్వైగ్, నా పడవ ఏమైపోవాలి అని లేచాడు. ధర సంగతి ఆలోచించారా అన్నాను. ధర గురించి నీకేం తెలుసే, నీ మొహం, మీ ఇంటివాళ్ళంతా ఇంతే అంటూ మన పుట్టింటినీ లాగాడు. నేనూరుకుంటానా? మీ నాన్న పడవలో కొత్త ఇంజను చూసి దడుచుకున్నాడు, మీరు యూరప్‌ను చూసి దడుచుకుంటున్నారు అన్నాను. దుంపలు చల్లారిపోయాయి. రేడియోలో ఓట్ల లెక్క ఎవరూ వినలేదు. ఇంకా అయిపోలేదు, రేపు చెప్తా నీ సంగతి అంటూ విసవిసా వెళ్ళి పడుకున్నాడు. భోజనానికి థాంక్స్ చెప్పడం మరిచేపోయాడు.

ఇవాళ పొద్దున్న కొట్టుకు వెళ్ళలేదు. వంటగదిలోనే కూచుని, నేనెప్పుడు లేచి వస్తానా అని కాచుకున్నాడు.

నీ గుడ్వైగ్

తా.క. నేనూ వద్దనే వేశానక్కా. స్పెయిన్ పడవల్ని పిలవడానికి నాకేం పిచ్చా? మీ మరిదికి చెప్పావో, నీకూ నాకూ చెల్లు. కావాలి అనడానికి మీ వీధివాళ్ళు ఏమేం చెప్పేవాళ్ళో వెంటనే రాయి, నా దగ్గర మాటలు అయిపోతున్నాయి. చచ్చినా ఇడున్‌ను మాత్రం అడగను.