గుడ్ల దగ్గర అర్థమైన భాష

బాంబెర్గ్,
1946 మార్చి 17.

తమ్ముడు లోరెన్స్‌కు,

మీ అక్క ఒట్టీలియా రాయునది. నేనిక్కడ క్షేమం. మీ క్షేమం అడగను, మొన్న నీ వంటింట్లో కూర్చుని కళ్లారా చూసే వచ్చాను. అమ్మ మోకాళ్ల నొప్పికి ఆవనూనె పంపుతున్నాను. వెచ్చచేసి రాయమను.

ఇక అసలు సంగతి. సిగ్గుతో రాస్తున్నాను. నేను పత్రికలో ఎన్ని వ్యాసాలు రాసినా, ఎవరిని ఎంత తిట్టినా, నీ వంటింట్లోంచి తెచ్చుకున్న ఈ సిగ్గు వదలడం లేదు.

నిరాశ్రయుల శిబిరం నుంచి ఫైగలాను నీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే. ఆమె మాట్లాడేది యిద్దిష్, ఇక్కడి యూదుల ఇంటిభాష. ఆ భాష మన జర్మన్‌కు చెల్లెలా, సవతా అని పండితులు కొట్టుకు చావనీ. వాళ్ల వేదంలోంచి వచ్చిన మాటలు నాకూ అంతుపట్టవు. యాస ఎటో వాలుతుంది. కానీ ఆమె అమెరికా కాఫీ పొట్లం బల్లమీద పెట్టి గుడ్లు అడిగితే నీకు ఒక్క మాటయినా పొల్లుపోయిందా? ఈ గుడ్లు పెట్టింది కోడా, పిచ్చుకా అని ఆమె అంటే నువ్వు పగలబడి నవ్వావు. మా కోళ్లూ యుద్ధంలో చిక్కిపోయాయమ్మా అని జవాబిచ్చావు. బేరం కుదరగానే ఆమె అరచేతిలో చెయ్యి చరిచి, పశువుల సంతలో అన్నట్టే, మజ్జల్ ఉన్ బ్రోఖె అన్నావు. అదృష్టం, దీవెన. ఎవరు నేర్పారు నీకా మాట? యూదు పశువుల బేరగాడు సాలమన్ హెర్ కాడూ? ఇరవైయేళ్లు అతనితో సంతల్లో తిరిగి, వాళ్ల అంకెల్లోనే దూడలకు ధర కడతానని సారాయి అంగట్లో మీసం మెలేసేవాడివి. నాజీలు అతన్ని చావుశిబిరం రైలెక్కించిన రోజున మాత్రం నీకు సంతలో పని పడింది.

చెయ్యి చరిచాక ఫైగలా అడిగింది. నిరుడు ఏప్రిల్లో మీ ఊరిమీదుగా ఖైదీలను నడిపించుకు పోయారు, మా అన్న లైజర్ మీ చర్చి మలుపులో పడిపోయాడు, పక్కన నడిచినవాడు చూశాడు, వాణ్ణి ఎక్కడ పెట్టారయ్యా అని. ఎవరు కాల్చారని అడగలేదు. మా మట్టిలో, మా ప్రార్థనతో పెట్టుకుంటాను, చోటు చూపిస్తే చాలు అంది.

నువ్వు నావైపు తిరిగి, అక్కా, ఏమంటోందీవిడ, నాకు ముక్క అర్థం కావడం లేదు అన్నావు.

నేను తర్జుమా చేశాను లోరెన్స్. ఎక్కడ, అన్న, చచ్చిపోయాడు, మట్టి. ఆమె నోట వచ్చిన మాటలే నా నోట వచ్చాయి. జర్మన్ నుంచి జర్మన్‌లోకి చెబుతున్నానని తెలిసి కూడా బడిపిల్లలా ఒప్పజెప్పాను. నీ నటనకు నేను వంత పాడాను. నువ్వు అంతా విని, మాకేం తెలీదని చెప్పు ఆవిడకి అన్నావు. అమ్మ పొయ్యి దగ్గర కదలకుండా నిలబడిపోయింది.

బయటికొచ్చాక ఫైగలా ఏమందో విను. మీ తమ్ముడికి గుడ్ల దగ్గర నేను అత్తకూతుర్ని, గోతి దగ్గరికొచ్చేసరికి చీనాదాన్నయ్యాను అంది. నేను తల ఎత్తలేకపోయాను. అదీ చూసింది. కిందికి చూస్తూ నడవకమ్మా, తట్ట నీ చేతిలో ఉంది, గుడ్లు పగులుతాయి అంది.

ఊరంతా ఇదే పాట. మాకు అర్థం కాలేదు, మేం వినలేదు. అర్థం కాకపోవడం మనవాళ్లకు ఎంత సుఖమైన ఉద్యోగం. నువ్వు ఇప్పుడు ఊరిపెద్దవి. ఆ పదవి ఇచ్చిన అమెరికావాళ్లకు నేను రాసేలోగా నువ్వే శిబిరానికి వచ్చి, ఆమె ముఖం చూసి చెప్పు. నువ్వు తుపాకి పట్టలేదని నాకు తెలుసు. పార పట్టావో లేదో అదే తెలియదు.

నీ అక్క,
ఒట్టీలియా

తా.క. ఉత్తరం అంటించబోతుంటే అమ్మ పాలబండిలో దిగింది. వస్తూనే ఫైగలా ఏదీ అంది. శిబిరానికి తీసుకెళితే ఆమె ముందు కూర్చుని మన పల్లెమాటల్లోనే చెప్పింది. పొలం చివర గడ్డి కప్పిన బీటుదుంపల గుట్ట ఉందట. ఈ చలికాలం పశువుల మేతకని అమ్మ తవ్వబోతే నువ్వు తన చేతిలో పార లాక్కున్నావట. ఆ గుట్టలో దుంపలు లేవని అమ్మకు ఆ పూటే తెలిసిందట. ఈ ఉత్తరం పాలబండివాడితో పంపుతున్నాను, రేపు శిబిరంవాళ్లతో వస్తున్నాం. గేటు తీసి ఉంచు.

ఫైగలా అది విని, అక్కడ నీళ్లు నిలుస్తాయా అని అడిగింది. నిలవవమ్మా, మెరక నేల అంది అమ్మ. నేను పక్కనే ఉన్నాను. నా అవసరం వాళ్లకు పడలేదు.