కనుబొమల జవాబు

అపియా పట్నం

అమ్మా,

నీ కొడుకు క్షేమం. తిండి మీద ధ్యాస ఏమాత్రం తగ్గలేదని సవినయంగా మనవి.

అంధుల బడిలో ఇంగ్లీషు పంతులునయ్యానని ఊరంతా చాటావుగా, ఈ ఘనకార్యం కూడా చాటు. మసీనా అనే అమ్మాయికి రేడియోలో ఇంగ్లీషు వార్తలు చదవాలని కోరిక. ఏడాదంతా సాధన చేసింది. నిన్న ఒక వార్త చదివి వినిపించి, "రేడియో వాళ్ల పరీక్షకు వెళ్లనా సార్?" అంది. మన సమోవా పద్ధతిలో దర్జాగా కనుబొమలు ఎగరేసి ఔనన్నాను. ఆ పిల్ల కాసేపు ఆగి, మొహం చిన్నబుచ్చుకుని, బ్రెయిలీ కాగితాలు సంచిలో పెట్టేసుకుంది.

"ఏమైందమ్మాయ్?"

"మీరేమీ అనలేదుగా. వద్దనేగా?"

"అయ్యో, కనుబొమలు ఎగరేశానే!"

క్లాసంతా గొల్లున నవ్వింది. "వాటిని మీ అమ్మగారి కోసం దాచుకోండి సార్, మాకు నోటితో చెప్పండి," అంది మసీనా. సోమవారం పరీక్షకు వెళ్తోంది.

నల్ల పంది ఈనిందా? పడవలో ఎవరైనా వస్తుంటే కోకో ఉండలు పంపు. నాన్నకు దండాలు, చెల్లికి మొట్టికాయ.

పిల్లల ఆదివారం పండక్కి ఊరికి వస్తావా అని అడిగావు. నీ ఉత్తరం చదివి కనుబొమలు ఎగరేసి ఊరుకున్నాను. అక్కణ్ణుంచి నీకూ కనబడదుగా. అందుకే రాస్తున్నాను: వస్తానమ్మా.

నీ తవీత