ఎర్ర పెన్నుతో రాసిన గుడ్

జురాంగ్ ఈస్ట్, సింగపూర్
ఆదివారం

అక్కా,

నమస్కారం. నువ్వూ, బావగారూ, చిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేనిక్కడ బాగానే ఉన్నాను. జ్వరం, జలుబు ఏమీ లేవు, వేళకు తింటున్నాను, కంగారు పడకు. నీ హెడ్‌మిస్ట్రెస్ దరఖాస్తు సంగతి కూడా రాయాలి. అది చివర్లో రాస్తాను. ముందే రాయడానికి ధైర్యం చాలడం లేదు.

ఆఫీసు తంజోంగ్ పగార్‌లో. రైలెక్కితే అరగంట. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని పాత ప్రోగ్రాములన్నీ దిద్దుతున్నాం. ఏడాదికి రెండంకెలున్న ప్రతిచోటా నాలుగు పెట్టాలి. ఒక్క వరుస వదిలేసినా మా మేనేజరు ఊరుకోడు. నేను చాలా శ్రద్ధగా చదువుతానని ఆయనకు నామీద మంచి గురి. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. రోజూ మూడింటికి వాన. ఆవకాయ అడుగుకొచ్చింది, ఎవరైనా వస్తుంటే కాస్త కందిపొడితో పాటు పంపు.

నేనుండే గది ఒక చైనీస్ ఆంటీ ఫ్లాట్‌లోది. చేరేటప్పుడే వంట విషయంలో షరతు పెట్టింది. నీళ్లు కాచుకోవచ్చు, నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, అంతే. పోపు వాసన ఆమెకు పడదు. రెండు నెలలపాటు మేడ కింద చవగ్గా తిండి అమ్మే హాకర్ కొట్లలో తిన్నాను. అంతలో ఆంటీ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె చదువంతా చైనీస్ మీడియం. మా బ్లాకు కింద పళ్ల డాక్టరు దగ్గర కౌంటరు ఉద్యోగం ఉందట, కానీ ఇంగ్లీషు రావాలి.

"యూ టీచ్ మీ ఇంగ్లీష్, యూ కుక్ యువర్ కర్రీ. కెన్?" అంది.

"కెన్, ఆంటీ" అన్నాను. ఆ సాయంత్రమే మెంతులూ ఎండుమిర్చీ ఇంగువా వేసి పోపు పెట్టాను. ఆంటీ కిటికీలన్నీ తెరిచి, తుమ్ముతూనే నవ్వింది.

మొదటిరోజు గుడ్ అనే మాటతోనే మొదలుపెట్టాను. వాళ్ల భాషలో మంచికి వాడే మాటనే 'చాలా' అనడానికీ వాడతారట. అందుకని ఆంటీకి చలేస్తే గుడ్ కోల్డ్, జనం ఎక్కువుంటే గుడ్ మెనీ పీపుల్. మనిషికి, భోజనానికి, ఆరోగ్యానికి గుడ్ సరిపోతుంది, చలి ఎక్కువైతే వెరీ అనాలి అని చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ రాసుకుని, పక్కన చైనీస్‌లో అర్థం రాసుకుంది. నన్ను టీచర్ అని పిలిచింది. ఎంత పొంగిపోయానో!

ఆ పొంగు వారం కూడా నిలవలేదు. రోజూ రెండు పేజీల వాక్యాలు రాసి వంటింటి బల్లమీద పెట్టేది. నేను ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో పేజీ అడుగున ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి గుడ్ అని రాసేవాణ్ణి. మన సోషల్ మాస్టారు గుర్తున్నారా? నోటుపుస్తకాల దొంతర ముందేసుకుని, చదవకుండానే టిక్కులు పెట్టుకుంటూ పోయేవారు. మేం జవాబు మధ్యలో సినిమా పాట రాసినా గుడ్డే పడేది. నువ్వేమో అరుగు మీద కూర్చుని మీ క్లాసు పిల్లల పుస్తకాలు వరుస వరుసా చదివేదానివి. వాళ్లేమన్నా కలెక్టరు పరీక్షలు రాస్తున్నారా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"చదవకుండా టిక్కు పెడితే పిల్లాడి కష్టాన్ని ముఖాన కొట్టినట్టేరా" అనేదానివి. నాకప్పుడు అది చాదస్తంగా అనిపించేది.

మొన్న గురువారం సాయంత్రం ఆంటీకి ఇంటర్వ్యూ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు కత్తిరించుకుని వెళ్లింది. గంటలో తిరిగొచ్చింది. నేను సాంబారు కాస్తున్నాను. వచ్చి, మడిచిన కాగితం ఒకటి బల్లమీద పెట్టింది. ఈ ఉద్యోగం ఎందుకు కావాలో నాలుగు ముక్కలు రాయమన్నారట. ఐ గుడ్ హ్యాపీ వర్క్ హియర్. పేషెంట్ గుడ్ పెయిన్, ఐ గుడ్ టాక్. అలా రాసింది. అక్కడి అమ్మాయి చదివి, పక్కమ్మాయికి చూపించి, ఇద్దరూ నవ్వారట.

"నెవర్ మైండ్ లాహ్. టీచర్ టీచ్ గుడ్. మై హెడ్ నో గుడ్" అంది ఆంటీ.

నోటుపుస్తకం తెరిచాను. అవే వాక్యాలు తొమ్మిదో పేజీలో ఉన్నాయి. కింద నా గుడ్. నేను గుడ్ పెట్టిన పేజీలనే బట్టీపట్టిందట. ప్రతి గుడ్ పక్కనా చిన్న బంగారురంగు నక్షత్రం అంటించుకుంది. చిన్నపిల్లలు అంటించుకునేవి, అవే. అక్కా, నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఆంటీ, ఐ డిడ్ నాట్ రీడ్" అన్నాను.

"దిస్ పేజ్?"

"ఆల్ పేజెస్."

ఆమె పుస్తకం మూసేసింది. సాంబారు పొంగుతుంటే స్టవ్ ఆపి, తన గదిలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. వండొద్దని ఆమె అనలేదు, కానీ మూడు రోజులుగా నాకు స్టవ్ వెలిగించే ముఖం లేదు. బ్రెడ్డు తింటున్నాను.

ఈ ఉదయం ఆంటీ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది, పైన ఎర్ర పెన్ను. "నౌ రీడ్" అని కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. నాలుగు పేజీలకు రెండు గంటలు పట్టింది. నా గుడ్‌లు నేనే కొట్టేశాను. కొట్టేసిన ప్రతిచోటా ఆంటీ గోరుతో నక్షత్రం పీకేసింది. రేపు ఇంకో నాలుగు పేజీలు. వేరే క్లినిక్‌లో కూడా మనిషి కావాలంటున్నారట, వెళ్తానంది.

ఇక నీ దరఖాస్తు. పోయిన నెల నువ్వు చూడమని పంపితే, చాలా బాగుంది అక్కా, పంపించెయ్ అని జవాబు రాశాను. నేను ఆ కవరే చింపలేదు. ఈ మధ్యాహ్నం చింపాను. రెండో పేజీలో, అనుభవం అన్నచోట, పన్నెండేళ్లకు బదులు రెండేళ్లని ఉంది. టైపులో ముందున్న ఒకటి అంకె ఎగిరిపోయింది. పంపకుండా ఉంటే ఆపు. రేపు పొద్దున్నే మీ పక్కింటికి ఫోన్ చేసి ఆ తప్పు చెప్పేస్తాను. చదవలేదన్న మాట మాత్రం ఫోన్‌లో నోరు పెగలదు, అందుకే ఈ ఉత్తరం. ఈపాటికే పంపేసి, అది కాస్తా చెడితే, టైపు చేసినవాణ్ణి అనకు. ఆ తప్పు నాది.

అమ్మకూ పెద్దనాన్నకూ నా నమస్కారాలు చెప్పు. చిన్నికి ముద్దులు. నన్ను దీవించమని అడగడానికి ఈసారి మొహం చెల్లడం లేదు, తిడుతూ నాలుగు ముక్కలు రాయి, చాలు. ఊళ్లో పిల్లలందరి పుస్తకాలూ వరుస వరుసా చదివినదానివి, నీది ఒక్కటి నన్ను చదవమన్నావు.

నీ తమ్ముడు,
శ్రీను