తప్పిపోయిన నాలుగో రోజు

దొల్సాన్
నవంబరు 6, 1996

తమ్ముడు మాన్హోకు,

అక్క ఒక్బున్ ఆశీస్సులు. అమ్మా, నీ భార్య యొన్‌సిలూ, నేనూ ప్రభువు కాపుదలలో బాగున్నాం. నీ ఓడ ఇప్పుడు ఏ నీళ్ళ మీద ఉందో నాకు తెలియదు. ఆయనకు తెలుసు. రోజూ తెల్లవారుజాము ప్రార్థనలో నీ పేరు ఎత్తి, ఆ ఒక్క మాట చెప్పుకుని లేస్తున్నాను.

సువా రేవు నుంచి నువ్వు వేసిన ఉత్తరం పోయిన మంగళవారం అందింది. అడిగినవి వరసగా చెబుతాను. చలి మొదలయ్యేసరికి అమ్మ మోకాళ్ళు మళ్ళీ పట్టేస్తున్నాయి. కళ్ళు ఇక అంతే. వెలుగూ నీడా తెలుస్తాయి, మనుషులు తెలియరు. అడుగుల చప్పుడును బట్టి మమ్మల్ని పోల్చుకుంటుంది. ఆవాకు ఈసారి ఏపుగా వచ్చింది. ఆ ఆకుతో కిమ్చీ ఊరబెట్టడం సగం అయింది. నీ కోసం ఒక జాడీ వేరుగా పెరట్లో పాతిపెట్టాను. గాలివానకు పడిన గోడ మళ్ళీ పేర్చాం. ఆల్చిప్పలు ఒలిచే కత్తి గీసుకుని యొన్‌సిల్ చేతికి అయిన గాయం మానింది. ఆమె బాగుంది. ఆమె ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఈ ఆఖరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు. ఎందుకో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

నీ చివరి ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు రాదు. "యొన్‌సిల్ ఇదివరకు ఉత్తరం నిండా బైబిలు కబుర్లే రాసేది అక్కా. దావీదు పక్కింటి కుర్రాడైనట్టు, వాడు నిన్న ఏంచేశాడో చెప్పినట్టు రాసేది. గత రెండు ఉత్తరాల్లో ఒక్క మాట లేదు. ఏమైనా జరిగిందా?" అని అడిగావు. జరిగింది.

రెండేళ్ళ కిందట మన పాస్టరుగారు సంఘమంతటికీ ఒక పని పెట్టారు కదా. చదవాలనే ఆశ పుట్టనివాళ్ళు బైబిలు మొత్తం చూసి చేత్తో రాయండి, చెయ్యి నడిస్తే మనసు వెనకే వస్తుంది అన్నారు. పూర్తిచేసినవాళ్ళ పుస్తకాలు ఈ కృతజ్ఞతా పండుగనాడు మందిరంలో బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తామన్నారు. అందరికంటే ముందు పేరిచ్చింది నేను. సంఘంలో క్వన్సా పదవిలో ఉన్నదాన్ని, స్త్రీలకు పెద్దదిక్కును, ఇవ్వక తప్పుతుందా అనుకున్నారు అందరూ. అది కాదు మాన్హో. చదవాలనే ఆశ లేనిదాన్ని నేనే.

ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేదు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజాము ప్రార్థన ఒక్కనాడు మానలేదు. గంటసేపు మోకరించగలను. బైబిలు తెరిస్తే మాత్రం పది వచనాలు దాటేసరికి మనసు జాడీల దగ్గరికి వెళ్ళిపోతుంది. ఉప్పు సరిపోయిందా, మూత బిగించానా అని. కళ్ళు పేజీ చివరికి వస్తాయి, నేను రాను. ఏళ్ళుగా ఇంతే. ఎందుకిలా అని చాలాసార్లు ఏడ్చాను. ఇప్పుడనిపిస్తుంది, ప్రార్థనలో మాట్లాడేది నేను. చదివేటప్పుడు నోరు మూసుకుని వినాలి. ఇంటికి పెద్దదాన్ని, చిన్నప్పటి నుంచి చెప్పడమే కాని వినడం ఎక్కడ నేర్చుకున్నాను?

యొన్‌సిల్ కూడా రాయడం మొదలుపెట్టింది. స్కూలు పిల్లల నోటు పుస్తకాల్లో, కోడి గీరినట్టుండే అక్షరాలతో. మందిరంలో అడుగుపెట్టి మూడేళ్ళు కాలేదు. వాళ్ళ పుట్టింట్లో పళ్ళెం నిండా బియ్యం పోసి పూనకాలు ఆడించేవాళ్ళు. అలాంటి పిల్లకు మధ్యాహ్నం అయ్యేసరికి బైబిలు కావాలి. అమ్మ పక్కన వెచ్చటి నేల మీద కూర్చుని, ఒక చేత్తో ఆవాకు ఏరుతూ చదివి వినిపించేది.

"అత్తయ్యా, ఈ యాకోబు మామూలోడు కాదు! గుడ్డి తండ్రిని పట్టుకుని ఇంత మోసమా?"

"ఏం, నేనూ గుడ్డిదాన్నే. నన్నేమీ మోసం చెయ్యట్లేదు కదా నువ్వు?"

"పొద్దున మీ గిన్నెలో చేపముక్క తగ్గింది, గమనించలేదా?"

అమ్మ నవ్వేది. నువ్వు ఓడెక్కిన తర్వాత అమ్మ అలా నవ్వడం నేను వినలేదు. పెరట్లో జాడీలు తుడుస్తూ ఆ నవ్వు వినేదాన్ని. తుడిచిన జాడీనే మళ్ళీ తుడిచేదాన్ని.

ఒకరోజు యొన్‌సిల్ ఆల్చిప్పల పనికి వెళ్ళింది. నేను చదువుతానన్నాను. ఒక అధ్యాయం తప్పు లేకుండా చదివాను. అమ్మ అంతా విని, "ఒక్బున్, నువ్వు చదువుతుంటే ఆస్పత్రిలో పేర్లు పిలిచినట్టుందే. యొన్‌సిల్ ఎప్పుడొస్తుంది?" అంది.

యాభై నాలుగేళ్ళదాన్ని. ఆ మాటకు పుస్తకం మూసి పెరట్లోకి వెళ్ళి జాడీలు తుడిచాను. నాన్న పోయాక ఈ ఇంటిని మోసింది నేను. నా భర్త పోయినా ఏడుపు దిగమింగుకుని పక్క సందులోనే ఇల్లు తీసుకున్నది అమ్మ కోసం. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి అమ్మ నవ్వునూ తీసుకుంది, నాకు ఎన్ని ప్రార్థనలు చేసినా దొరకని ఆ ఆశనూ తీసుకుంది. తీసుకుంది అనే అనుకున్నాను. ఆమెకు దొరికింది అని అనుకోలేకపోయాను.

అప్పటి నుంచి పట్టుదలగా రాశాను. ఆమెకంటే ముందు పూర్తిచెయ్యాలని రోజుకు ఇన్ని పేజీలని పెట్టుకుని రాశాను. నా చేతిరాత నీకు తెలుసు. సంఘంలో అందరూ చేతికందించుకుని చూసి అచ్చులా ఉందన్నారు. జూలై చివరికి మొత్తం అయిపోయింది. యొన్‌సిల్ అప్పటికి కీర్తనల దగ్గరే ఉంది. ఆగి ఆగి రాస్తుంది మరి.

ఆగస్టులో పాస్టరమ్మగారు, "పండుగలోపు ఒకరివి ఒకరు సరిచూసుకోండి. మీ మరదలివి మీరు, మీవి మీ మరదలు" అన్నారు. యొన్‌సిల్ పధ్నాలుగు పుస్తకాలు గుడ్డలో మూటకట్టి తెచ్చిచ్చింది. తెరిచి చూస్తే అంచుల్లో ఏవేవో రాతలు. నోవహు దగ్గర, "ఇన్ని జంతువులుంటే ఓడలో వాసన ఎలా ఉండేదో మాన్హోను అడగాలి." హాగరు దగ్గర, "ఇక్కడ ఏడుపొచ్చింది." ఇంకోచోట, "ప్రభువా, ఇది నాకు అర్థం కాలేదు. మళ్ళీ వస్తాను."

నా పుస్తకాల్లో అంచులు తెల్లగా ఉన్నాయి.

ఆ ఆదివారం మందిరం వంటగదిలో అందరికీ నూడుల్స్ వండుతున్నాం. పదిమంది ఆడవాళ్ళున్నారు. మూట బల్ల మీద పెట్టి, "వాక్యం పక్కన నీ సొంత రాతలేంటి అమ్మాయ్? అలాంటివి ప్రభువు బల్ల మీదికి వెళ్ళవు. నియమం తెలియదా? మొదటి నుంచి శుభ్రంగా రాసుకో" అన్నాను. గొంతు పెంచలేదు. నేనెప్పుడూ పెంచను.

యొన్‌సిల్ మొహం ఎర్రబడింది. "నాకు తెలియలేదు వదినా. తప్పయింది" అని మూట తీసుకుంది. ఆ రోజు నుంచి రాయలేదు. అమ్మకు చదవడమూ మానేసింది. అమ్మ అడిగితే, "నాకు సరిగా చదవడం రాదు అత్తయ్యా, వదిన చదువుతారు" అంది. మధ్యాహ్నాలు ఆ గదిలో ఆవాకు ఏరే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను కోరుకున్నది అదే కదా. వారం రోజులు బాగానే అనిపించింది. తర్వాత ఆ నిశ్శబ్దం నాకు అన్నం సయించనివ్వలేదు. అయినా నోరు విప్పలేదు. రెండు నెలలు.

ఇక పోయిన గురువారం సంగతి. నా పుస్తకాలు సరిచూడడం మిగిలిపోయింది. అచ్చు బైబిలు చేతిలో పట్టుకుని యొన్‌సిల్ వచ్చి కూర్చుంది. నా రాత పైకి చదువుతూ పోల్చి చూస్తానంది. అమ్మ గోడకు ఆనుకుని కిమ్చీకి వెల్లుల్లి ఒలుస్తోంది. సంఖ్యాకాండములో ఏడో అధ్యాయం వచ్చింది. పన్నెండు గోత్రాల పెద్దలు రోజుకొకరు కానుకలు తెచ్చే చోటు. అందరూ తెచ్చేది ఒకటే. వెండి పళ్ళెం, వెండి గిన్నె, ధూపం నింపిన చిన్న బంగారు పాత్ర, అవే కోడెలు, అవే పొట్టేళ్ళు. పన్నెండుసార్లు అదే మాట. రాసేటప్పుడు ఆ అధ్యాయాన్ని తిట్టుకున్నంత దేన్నీ తిట్టుకోలేదు నేను.

అమ్మ ఒక్కో పెద్ద రాగానే ఒక్కో రెబ్బ పక్కన పెడుతోందని నేను చూడలేదు. అధ్యాయం అయిపోయింది. అమ్మ వేళ్ళతో తడుముకుని, "ఏమే, పదకొండే ఉన్నాయి. ఒకడు రాలేదు" అంది.

"ఎవరు అత్తయ్యా?"

"నన్నడుగుతావే? కళ్ళున్నది నీకు. పన్నెండుగురు రావాలా, వద్దా?"

యొన్‌సిల్ అచ్చు పుస్తకంతో చూసింది. ఇంకోసారి చూసింది. నా వైపు చూడకుండా, "మూడో రోజు తర్వాత అయిదో రోజు ఉంది. నాలుగో రోజు జారిపోయింది" అంది.

"నాలుగో రోజు ఎవరిది?"

"రూబేను వంశం."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "రూబేనంటే యాకోబు పెద్దకొడుకు కదూ? పెద్దోడై ఉండి నాలుగోవాడుగా వచ్చాడా పాపం." నా వైపు తిరిగి, "పెద్దదానివి, పెద్దోడినే వదిలేశావా ఒక్బున్" అంది. నవ్వుతూనే అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండేళ్ళు రాశాను. ఒక్కరోజు వినలేదు. విని ఉంటే మూడు తర్వాత నాలుగు రాలేదని చెవికి తెలియదా?

యొన్‌సిల్ ఇప్పుడు నన్ను నాలుగు మాటలు అనొచ్చు. నేనైతే అనేదాన్ని. ఆమె మాత్రం, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా వదినా, ఎవరికైనా జారిపోతాయి" అని, కాస్త తటపటాయించి, "నాకు మాత్రం ఈ అధ్యాయమంటే చాలా ఇష్టం" అంది.

"ఇదా? ఇందులో ఏముంది?" అన్నాను. నిజంగానే అడిగాను.

"మా ఇంట్లో అయిదుగురం ఆడపిల్లలం. మా నాన్న ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. 'ఆ అయిదుగురూ' అనేవాడు. ఇక్కడ చూడండి, అందరూ తెచ్చింది ఒకటే. మిగతావాళ్ళూ ఇంతే అని ఒక్క ముక్కతో తేల్చెయ్యొచ్చు. ఆయన తేల్చెయ్యలేదు. ఎవరి రోజు వాళ్ళకిచ్చి, పేరు పెట్టి, గిన్నెతో సహా మొత్తం రాయించాడు. పన్నెండోవాడి గిన్నె కూడా మొదటివాడి గిన్నె అంత ఇష్టంగా చూసుంటాడు కదా వదినా?"

మాన్హో, ఇప్పుడు చెబుతున్నాను. అలాంటి నియమం ఏదీ లేదు. పాస్టరుగారు ఎన్నడూ పెట్టలేదు. వంటగదిలో అప్పటికప్పుడు నేను పుట్టించాను. నీ భార్య పుస్తకాలు చూసి ఓర్వలేక పుట్టించాను. నువ్వు లేని ఇంట్లో ఆమెకున్న ఒక్క సంతోషాన్ని నేను ఆర్పేశాను. నీ ప్రశ్నకు జవాబు ఇదీ.

ఆ గురువారమే, అమ్మ ఎదుటే, ఇదే మాట యొన్‌సిల్‌కు చెప్పాను. ఆమె, "నేను చదవడం తప్పేమో అనుకున్నాను వదినా. రెండు నెలలు అలాగే అనుకున్నాను" అని మొహం కప్పుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను.

మొన్న ఆదివారం వంటగదిలో ఆ పదిమంది ముందూ చెప్పాను. చేతిలో గరిటె ఉంది, అది కింద పెట్టి చెప్పాను. వాళ్ళలో పిల్‌సూన్ నెత్తి కొట్టుకుని, "అయ్యో క్వన్సాగారూ! మీ మాట విని నా పుస్తకంలో రాసుకున్నవన్నీ రబ్బరుతో తుడిచానే! తుడిచి తుడిచి సామెతల దగ్గర కాగితం చిరిగింది!" అంది. ముందు నవ్వింది యొన్‌సిలే.

నా పుస్తకాలు ఈ పండుగకు బల్ల మీద పెట్టడం లేదు. పాస్టరుగారు పెట్టమన్నారు. ముందు చదివి, తర్వాత పెడతానన్నాను. జారిపోయిన నాలుగో రోజును నా పుస్తకం అంచున యొన్‌సిల్ చేతనే రాయించాను. అచ్చులాంటి నా రాత పక్కన ఆమె కోడి గీతలు. ఆ పేజీ ఒక్కటే బతికున్నట్టు కనిపిస్తోంది. ఆమె మళ్ళీ కీర్తనల దగ్గర మొదలుపెట్టింది, అంచు రాతలతో సహా. నీకు త్వరలోనే నాలుగు పేజీల ఉత్తరం వస్తుంది. ఓడలో వాసన సంగతి తప్పకుండా జవాబు రాయి, ఎదురుచూస్తోంది.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిన్న కూడా లోపలి నుంచి అమ్మ నవ్వు వినిపించి నా చెయ్యి జాడీ మీద ఆగిపోయింది. కాకపోతే గుడ్డ అక్కడే పడేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. రోజుకు ఒక్క అధ్యాయం. పైకి, నెమ్మదిగా. యొన్‌సిల్ సగం, నేను సగం. మనసు జాడీల దగ్గరికి వెళ్తే ఆమె గ్రహిస్తుంది, "వదినా, మళ్ళీ పెరట్లోకి వెళ్ళారా?" అంటుంది. వెనక్కి వస్తాను.

నిన్న అమ్మ ఆ నాలుగో రోజు నన్నే చదవమంది. చదివాను. రూబేను వంశపు పెద్ద పేరు, పళ్ళెం, గిన్నె, కోడె, పొట్టేలు, మేకపోతు, ఏదీ వదలకుండా. అమ్మ ఒక వెల్లుల్లి రెబ్బ తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఈసారీ ఆస్పత్రిలో పేర్లు పిలిచినట్టేనా?" అని అడిగాను.

"అవును. అయితే ఈసారి పేరు పిలిస్తే మనిషి లేచి వచ్చాడు" అంది.

ఓడ మీద జాగ్రత్త. చలికోటు వదలకు.

ఇట్లు,
నీకోసం, ఇప్పుడు నీ భార్యకోసం కూడా ప్రార్థించే
మీ పెద్దక్క
ఒక్బున్