ఫ్రీజర్‌లో పదకొండు వడగళ్లు

ఇళ్ల బీమా పరిహారాలు చూసే అధికారి గారికి,

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కణ్ణే కాబట్టి, మా నాయనమ్మ వెల్డా తరఫున ఈ విన్నపం రాసే గౌరవం నాకు దక్కింది.

మా ఇంటి కప్పు వయసు మీరి పాడైందనీ, మే నెలలో వడగళ్లు పడ్డాయనడానికి రుజువు లేదనీ, పరిహారం ఇవ్వలేమనీ మీరు రాశారు. నాయనమ్మ మంచం చుట్టూ ఇప్పుడు మూడు బకెట్లున్నాయి. "కప్పుకి ఇరవై ఏళ్లు, నాకు ఎనభై ఒకటి. నేనెక్కడైనా కారుతున్నానేంట్రా?" అంటోంది.

అయ్యా, మా ఓక్లహోమాలో సుడిగాలి హెచ్చరిక సైరన్ మోగితే అందరూ నేలమాళిగలోకి దిగాలి. మావాళ్లు వరండాలోకొచ్చి ఆకాశం చూస్తారు. మే నెలలో ఆ వడగళ్లు పడ్డ రోజు నాయనమ్మ నెత్తిన సూప్ గిన్నె బోర్లించుకుని పెరట్లోకి నడిచి, గోల్ఫ్ బంతులంత వడగళ్లు పన్నెండు ఏరుకొచ్చింది. తేదీ రాసి ఫ్రీజర్‌లో దాచింది. ఒకటి మా బాబాయి డ్వేన్ ఐస్ టీలో వేసుకు తాగేశాడు. సాక్ష్యాన్ని మింగినందుకు ఆయన రాసిన క్షమాపణ జతచేశాను.

మిగతా పదకొండూ మీ కోసం ఎదురుచూస్తున్నాయి. "వచ్చి కప్పెక్కమను, నిచ్చెన నేను పట్టుకుంటా" అని నాయనమ్మ కబురు. సూప్ గిన్నె కూడా చూపిస్తుందట. దానికి నాలుగు సొట్టలున్నాయి. దాన్ని కొన్నది ఈ ఏప్రిల్‌లోనే. వయసు మీరిందనడానికి వీల్లేదు.

ఇట్లు,
ఆమె మనవడినని అడక్కపోయినా చెప్పుకునేవాడు