మనిషి లేకుండా మనిషి సంగతి

పిల్లల గణతంత్రం, సరస్సు ఒడ్డు
జూలై 1930

ప్రియమైన అమ్మా,

క్షేమంగా చేరాను. మా డేరాలో పదిమందిమి, కింద గడ్డి, పైన వాన. హాంబుర్గ్ నుంచి, బ్రెమెన్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో కార్మికుల పిల్లలు ఈ వేసవి శిబిరానికి వచ్చారు. ఇక్కడ పాలించేదీ పిల్లలేనట, అందుకే గణతంత్రం అని పేరు. నాలుగేసి డేరాలు కలిపి ఒక ఊరు. ప్రతి ఊరికీ ఒక పెద్ద ఉండాలి. ఆ పెద్దని పిల్లలే చేతులెత్తి ఎన్నుకోవాలి. మా ఊరు నన్ను ఎన్నుకుంది! ఇంట్లో సూప్‌లో ఉప్పెంత వెయ్యాలో కూడా నన్నెవరూ అడగరు కదా, ఇక్కడేమో నలభైమంది నా మొహం చూస్తారు. నేనేమో ఫ్రీడెల్ మొహం చూస్తాను. ఫ్రీడెల్ బడిపంతులమ్మే గానీ ఇక్కడ పిల్లలకి తోడు మాత్రమే. తనని మేమంతా పేరుపెట్టి, నువ్వు అనే పిలవాలి. మగపిల్లలు కూడా గిన్నెలు తోముతున్నారంటే నమ్ముతావా?

అత్తయ్య వచ్చిందా? తనుండే లూబెక్‌లో ఆ వ్యాపారి ఇంట్లో నన్ను పనికి పెడతానని మాట ఇచ్చేసిందా? అక్టోబరులో మన కీల్‌లోనే కార్మికుల పిల్లలకి పై చదువు మొదలవుతుందట, ఫీజు లేదట. నాకు పంతులమ్మని కావాలని ఉందమ్మా. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాన్నని అడుగుతావా?

నీ వీబ్కె

*

కీల్, బుధవారం

నా బంగారు వీబ్కెకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, సగం బోధపడలేదు. పంతులమ్మని నువ్వు అంటారా? ఆ అలవాటు ఇంటికి తెచ్చావంటే వీపు చిట్లుతుంది, చెప్తున్నా.

మీ నాన్నకి చదివి వినిపించాను. "మన వీబ్కె ఊరిపెద్దా? ఇక ఆ ఊరు మునిగినట్టే" అన్నాడు. అన్నాడే గానీ నవ్వలేదు. చదువు మాట ఎత్తగానే "అక్క దగ్గరికే వెళ్తుంది, అంతే" అని టోపీ పెట్టుకుని బయటికి పోయాడు. యూనియన్ సభల్లో కార్మికుడి బిడ్డకి చదువు కావాలని గొంతు పోయేలా అరిచే మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది.

మనిషే ఈమధ్య అదోలా ఉన్నాడు. కట్టిచ్చిన రొట్టె సగం అలాగే తిరిగొస్తోంది. గడియారం బాగుచేయించడానికి ఇచ్చానన్నాడు, ఇంకా తేలేదు. ఓడల రేకులకి రివెట్లు కొట్టేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలకి ఆయన చొక్కాలు ఎప్పుడూ జల్లెడలయ్యేవి కదా, ఈ నెల నేను ఒక్క మాసిక కూడా వెయ్యలేదు. జాగ్రత్తగా ఉంటున్నాడేమో. ఏమిటో, నాకేమీ అర్థం కావడం లేదు.

చెవులు తడవనీకు.

మీ అమ్మ మెటా

*

సరస్సు ఒడ్డు, శనివారం

ప్రియమైన అమ్మా,

ఇక్కడ పెద్ద గొడవైంది. ఊవె అని ఒకడున్నాడు. బంగాళాదుంపలు చెక్కే వంతు వచ్చినప్పుడల్లా మాయమయ్యేవాడు. నిన్న సభలో అందరూ "వాణ్ణి ఇంటికి పంపెయ్యాలి" అని కేకలు. నేను చేతులెత్తమన్నాను కూడా. ఇంతలో ఎవరో "వాడేడీ?" అన్నారు. చూస్తే వాడు మందుల డేరాలో పడుకుని ఉన్నాడు, కాల్లో గాజుపెంకు దిగి. నాలుగు రోజులుగా కుంటుతున్నాడట, ఆ పొద్దుటిదాకా భయపడి ఎవరికీ చెప్పలేదట. నాకెంత సిగ్గేసిందో! అందుకని అప్పటికప్పుడు చట్టం చేశాం: ఎవరి సంగతైనా సరే, వాళ్ళు లేకుండా తేల్చకూడదు.

ఆ ఊపులో నా సంగతి కూడా చెప్పాను. ఊరంతా అగ్గిమీద గుగ్గిలమైంది. నా చదువు కోసం నువ్వు నాన్నకి ఎదురు నిలబడాలని నలభై చేతులూ లేచాయి. ఒక్క చెయ్యీ తగ్గలేదు. కాబట్టి అమ్మా, నువ్వు నిలబడాలి. తీర్మానం అయిపోయింది.

ఊరిపెద్ద (నీ) వీబ్కె

*

కీల్, శుక్రవారం

ఊరిపెద్ద గారికి,

మీ అత్తయ్య వచ్చింది. ఆగస్టు పదిహేనుకి పనిలో చేరాలంది. మీ నాన్న సరేనన్నాడు. నాకేం పూనిందో తెలియదు, కాఫీ పోస్తూ పోస్తూ అనేశాను: "వదినా, పిల్ల లేకుండా పిల్ల సంగతి తేల్చకూడదు. అది చట్టం."

"ఎవరి చట్టమే?"

"మా అమ్మాయిది."

"మెటా, నీకు మతిగానీ పోయిందా?"

ఏమో, పోయిందేమో. మీ నాన్న బల్ల మీద గుద్దుతాడనుకున్నాను. గుద్దలేదు. నావైపు అలా చూస్తూ కూర్చున్నాడు. తనని ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు చూశాడు. అత్తయ్య కేకు కూడా తినకుండా వెళ్ళిపోయింది.

ఇక నీ సంగతి. నేను ఎదురు నిలబడాలని నలభైమంది చేతులెత్తినప్పుడు నేనక్కడ ఉన్నానా? చట్టం చేసి గంట కూడా కాలేదు కదే! మొగుడితో నేను ఏం మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడాలో నేను తేల్చుకుంటాను. ఆ సంగతి నాది.

ఆదివారం తల్లిదండ్రులు చూడ్డానికి రావచ్చని మీ శిబిరం వాళ్ళు కాగితం పంపారు. నేను రావడం లేదు, మీ నాన్నని పంపుతున్నాను. ఎందుకని అడిగితే కేకు మోయడానికన్నాను. చెర్రీ కేకు, డేరాలో అందరికీ పంచు. ఆయనకి కాస్త మంచి చోటు చూపించి కూర్చోబెట్టు.

అమ్మ

*

సరస్సు ఒడ్డు, ఆదివారం

ప్రియమైన అమ్మా,

ఈ ఉత్తరం నాన్న చేతికే ఇస్తున్నాను. ఆయన నీకు చెప్పాల్సింది చెప్పాకే ఇస్తానన్నాడు. చెప్పకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

కోటు వేసుకుని వచ్చాడు. ఫ్రీడెల్ "రా హినర్క్, కూర్చో" అంటే దెబ్బ తిన్నట్టు చూశాడు. సభ మొదలైంది. వచ్చినవాళ్ళు కూడా మాట్లాడొచ్చు గానీ, చెయ్యెత్తి వంతు కోసం ఆగాలి. కాసేపటికి నాన్న చెయ్యి లేచింది. అప్పటికే ముగ్గురు చిన్నపిల్లలు వంతులో ఉన్నారు. ఒకడు జామ్ సరిపోవడం లేదని ఎంతకీ ఆపడు. నాన్న చెయ్యి దిగింది, మళ్ళీ లేచింది. చివరికి నేనే పిలవాలి. ఇక్కడ అందరినీ పేరుతోనే పిలుస్తాం. "హినర్క్, నీ వంతు" అన్నాను. అమ్మా, వీపు చిట్లగొట్టకు.

నాన్న టోపీ తీసి లేచాడు. "మీ చట్టం మా ఆవిడ చెప్పింది. మా ఓడల కర్మాగారంలో నాలుగువందలమంది సంగతి మేడ మీద గదిలో తేల్చారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పని పోయిందని గేటు మీద కాగితం చూసి తెలుసుకున్నాం. నేను ఇంటికెళ్ళి అదే పని చేశాను. మా ఆవిడకి చెప్పలేదు. పొద్దున్నే రొట్టె పట్టుకుని రేవులో కూర్చుంటున్నాను. అక్క దగ్గరైతే పిల్లకి తిండి దొరుకుతుందని నాకు నేనే తేల్చేశాను. ఇలాంటివాడికి మీ దగ్గర చట్టం ఏమైనా ఉందా?" అన్నాడు.

కాలికి కట్టుతో ఊవె చెయ్యెత్తాడు. "ఇంటికెళ్ళి చెప్పెయ్యాలి. నేను ముందే చెప్పుంటే నా కాలికి ఇంత చీము పట్టేది కాదు" అన్నాడు. చేతులన్నీ లేచాయి. నాన్న కూడా ఎత్తాడు. లెక్కపెట్టాల్సింది నేను, కళ్ళు మసకలై లెక్క తప్పాను.

ఇప్పుడు నాకు చదువు కావాలో వద్దో తెలియడం లేదు. లూబెక్ వెళ్తే జీతం పంపగలను. ఆ సంగతి ఇక్కడే తేల్చేసుకుంటే నీకు సుఖం కదా? నాన్న మీద కోప్పడకు. కేకు చాలా బాగుంది.

వీబ్కె

*

కీల్, సోమవారం

నా బంగారు తల్లికి,

చెప్పాడు. టోపీ కూడా తియ్యకుండా, గుమ్మంలో నిలబడే చెప్పాడు. తర్వాతే నీ ఉత్తరం ఇచ్చాడు.

నాకు తెలుసన్నాను. ఆయన చొక్కాలు ఉతికేది నేనే కదా. చిల్లులు లేవు, తుప్పు వాసన లేదు, ఉత్త సముద్రపు గాలి వాసన. మొదట్లో నాకూ అర్థం కాలేదు. నీకు ఉత్తరం రాస్తూ రాస్తూ ఉండగా అర్థమైంది.

"మరి అడగలేదేం?" అన్నాడు.

"నువ్వు దాచుకున్న సంగతి. నువ్వు నోరు తెరవకుండా నేనెలా తేల్చను?" అన్నాను.

అప్పుడు కూర్చుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం ఇదే చూడ్డం. నేనూ ఏడ్చాను. తర్వాత మిగిలిన రొట్టె ఇద్దరం తిన్నాం.

చేపలు పొగబెట్టే షెడ్డులో ఆడవాళ్ళు కావాలంటే వెళ్ళి అడిగాను. రమ్మన్నారు. వస్తానని ఇంకా చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా ఆగమని రాశాను. నువ్వొక్కదానివే లూబెక్ అని తేల్చేసుకుని వచ్చావంటే మాత్రం ఊరుకోను. శనివారం ఇంటికి రా. బల్ల దగ్గర ముగ్గురం కూర్చుందాం. ఏమవుతుందో నాకైతే తెలియదు. డబ్బు సరిపోతుందో లేదో అంతకన్నా తెలియదు.

మీ నాన్న పక్కనే ఉన్నాడు. ఆ రోజు మన సభకి ఊరిపెద్దగా ఎవరు కూర్చుంటారని అడుగుతున్నాడు. వీబ్కె అన్నాను. "అయితే ఇక్కడ కూడా చెయ్యెత్తి ఆగాలా?" అంటున్నాడు.

ఆగాలని చెప్పాను.

అమ్మ