అవ్వ మోచేయి ఎవరూ గుంజవద్దు

నిజామాబాద్, 23-1-1974

తమ్ముడు రాజేశ్వర్‌కు,

నిన్న ఉదయం పది గంటలకు అవ్వ కుడిచేయి అన్నం ముద్దను నోటిదాకా తేలేకపోయింది. విరిగిన ఎముక అతికి, కట్టు విప్పిన వారానికే ముద్దను నోటిదాకా తెచ్చిన చేయే అది. తర్వాత అవ్వ ఇరవై రోజులు మీ దగ్గర ఉంది. చూడవచ్చిన ప్రతివాడూ నూనె రాసి మోచేయి గుంజుతుంటే నువ్వు వాళ్లకు చాయ్ పోయించావు.

ఇక్కడ దవాఖానలో కసరత్తు చేయించే మొయినుద్దీన్ సాబు కోపంగా అడిగాడు: "ఇది చెయ్యా, బోరింగు పిడియా అవ్వా? ఊరంత గుంజిండ్రు!"

"వద్దంటే అలుగుతరు బిడ్డా," అంది అవ్వ.

గుంజిన కొద్దీ కీలు లోపల వాచి బిగుసుకుంటుందట. ఇకమీదట మాలీషు లేదు. ఆమే తనంతట తాను, నొప్పి మొదలయ్యేదాకా, పూటకు పదిసార్లు వంచాలి. పరామర్శకని ఎవరినీ ఇక్కడికి పంపకు.

చేతులు వదులుగా ఉన్న రవికలు రెండు బస్సులో పంపు. చెరకు కోతకు ఫ్యాక్టరీ చిట్టీ వచ్చిందా? మరదలు రేణుకమ్మకు, పిల్లలకు ఆశీస్సులు. నీకు తర్వాత చూద్దాం.

సోమవారం తొమ్మిదింటికి మోచేయి ఎంత వంగుతుందో సాబు మళ్లీ కొలుస్తాడు. చేయి ఇంకా వంగకపోతే బుధవారం మొదటి బస్సుకు ఆమెను ఆపరేషన్ కోసం హైదరాబాద్ తీసుకుపోతాను.

నీ అన్న,
గంగాధర్